మేడ మీది గది

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు నాకు తోచిన విషయం ఒక్కటే: ఎండ. నవ్వకండి. మన సంచికలో ఏటా వెన్నెల మీద రాసేవాళ్లున్నారు, వాన మీద రాసేవాళ్లున్నారు, ఇక వసంతం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండ మీద మాత్రం ఎవరూ రాయరు. ఎండాకాలంలో కలం పట్టుకోవడమే కష్టం కాబట్టి కావచ్చు.

నేను కవిని కాను, బి.యస్సీ. విద్యార్థిని. రైతు బిడ్డను కాబట్టి ఎండ నాకు కొత్తా కాదు. మా నల్గొండ వైపు యాసంగి వరి కోతలు ఏప్రిల్ ఎండల్లోనే. కానీ పొలంలో ఎండ వేరు, పట్నంలో ఎండ వేరు అని తెలిసింది మాత్రం హైదరాబాదుకు చదువుకోవడానికి వచ్చాకే. పొలంలో ఎండ పొద్దు గూకగానే మనిషిని వదిలేస్తుంది. పట్నంలో ఎండ మనతోపాటే గదిలోకి వచ్చి, చాప మీద పక్కన పడుకుంటుంది. ఈ వ్యాసం ఆ రాత్రి ఎండ గురించి.

ముగ్గురు మిత్రులం కలిసి ఉంటున్న గది ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద, వాటర్ ట్యాంకు పక్కన కట్టింది. అద్దెకిచ్చేటప్పుడు ఓనరుగారు దాన్ని ‘పెంట్‌హౌస్’ అన్నారు. నేనా మాట పట్టుకుని ఊళ్లో అమ్మతో గొప్పలు చెప్పాను కూడా. ఫిబ్రవరి దాకా నిజంగానే బాగుంది. గాలి, వెలుతురు, డాబా అంతా మాదే. మార్చి సగం గడిచేసరికి ఆ గది అద్దె ఎందుకు తక్కువో అర్థమైంది. నాలుగు గోడలకూ ఎండ, నెత్తిమీద స్లాబుకూ ఎండ. ల్యాబు అటెండరును బతిమాలి తెచ్చుకున్న థర్మామీటరు ఒకటి మేకుకు తగిలించి, నెలరోజులపాటు నోటుబుక్కులో లెక్కలు రాసుకున్నాను. మే మొదటి వారంలో ఒకనాటి లెక్క ఇది: సాయంత్రం 5 గంటలకు బయట నీడలో 41 డిగ్రీలు, గదిలో 38. రాత్రి 11 గంటలకు బయట 33, గదిలో 37. అంటే లోకం చల్లబడుతుంటే మా గది మాత్రం పగటిని మూటగట్టి దాచుకుంది. ఫ్యాను వేస్తే ఆ మూట విప్పి మా మీద గుమ్మరించేది.

మే రెండో వారంలో మా నాయిన వచ్చాడు. బోరు మోటారు కాలిపోతే రాణీగంజ్‌లో సామాను చూసుకుందామని తెల్లవారుజామునే బస్సెక్కాడట. మధ్యాహ్నమంతా షాపు షాపూ తిరిగి, బేరం కుదరక, సాయంత్రానికి మా గది చేరాడు. ముఖం కందిపోయి ఉంది. "జెర అలిసిపోయిన" అన్నాడంతే. స్నానం చేద్దామని నల్లా తిప్పితే ట్యాంకు నీళ్లు కాగినట్టే వచ్చాయి. అన్నం సయించలేదు. తొమ్మిదింటికి చాప మీద ఒరిగినవాడు పదిన్నరకు లేచి కూర్చుని, గోడకు అరచెయ్యి ఆనించాడు.

"ఏందిర బిడ్డా, గోడకు జరమొచ్చినట్టు కాలుతున్నది. దీనికంటె మన బర్రెల కొట్టం నయం గదర."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. పిక్కలు పట్టేశాయి. మాట మెల్లబడింది. మా నాయిన జ్వరమని మంచమెక్కగా నేను చూసింది లేదు. అలాంటి మనిషి లేవలేక నా భుజం పట్టుకున్నాడు. ముగ్గురం కలిసి మెట్లు దింపి, ఆటోలో దగ్గర్లోని ఒక నర్సింగ్‌హోంకు తీసుకెళ్లాం. వడదెబ్బ ముదరకముందే తెచ్చారన్నారు డాక్టరుగారు. సెలైన్ ఎక్కించారు. ఒంటిగంట ప్రాంతాన కాస్త తేరుకున్నాక, మంచాలు ఖాళీ లేవని చెప్పి పంపించేస్తూ, "ఓఆర్ఎస్ తాగించండి, తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. ముఖ్యంగా ఈ రాత్రికి చల్లటి చోట పడుకోబెట్టండి" అన్నారు.

చల్లటి చోట! రోడ్డు మీద నిలబడి ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంత పెద్ద నగరంలో అర్ధరాత్రి ఒక రైతు పడుకోవడానికి చల్లటి చోటు ఎక్కడుంది? మా గదికి పోలేం. లాడ్జిలో ఏసీ గదికి మా దగ్గరున్న డబ్బు చాలదు. ఏటీఎం గదిలో ఏసీ చల్లగా తిరుగుతోంది, కానీ అది నోట్లకు, మనుషులకు కాదు. చివరికి ఆటో నడిపే అన్నే అన్నాడు: "మీ కాలేజిల చెట్లున్నయి గద తమ్మీ."

గేటు దగ్గర వాచ్‌మన్ కాక మొదట ఒప్పుకోలేదు. నాయిన ముఖం మీద టార్చిలైటు వేసి చూశాక మాత్రం ఇంకేం మాట్లాడకుండా గేటు తీసి, తన నులక మంచం తెచ్చి వేపచెట్టు పక్కన వాల్చాడు. ఆ జాగా మీకందరికీ తెలిసిందే. పాత బిల్డింగు వెనక, సైకిల్ స్టాండుకూ మైదానానికీ మధ్య. మట్టి నేల. మెయిన్ రోడ్డుకూ ఆ చెట్టుకూ నిండా 200 గజాల దూరం లేదు. కానీ అక్కడ అడుగు పెట్టగానే తేడా ఒంటికి తెలిసింది. తడిగుడ్డ ఒంటి మీద ఆరుతుంటే నాయిన "హమ్మయ్య" అన్నాడు. తెల్లవారి ఆరింటి దాకా కదలకుండా పడుకున్నాడు. నేను మాత్రం నిద్రపోలేదు. ఆయన ఊపిరి చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఇది. పైన ఆకాశం ఒకటే. వీచే గాలి ఒకటే. మరి 200 గజాల దూరంలో ఈ తేడా ఎక్కడిది?

ఆ తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివితే తెలిసింది, ఈ ప్రశ్నకు 200 ఏళ్ల వయసుందని. లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అని ఒకాయన ఉండేవాడు. వృత్తి మందుల తయారీ, ధ్యాస మాత్రం ఆకాశం మీద. మేఘాలకు మనం ఈనాటికీ వాడుతున్న శాస్త్రీయ నామాల్లో ముఖ్యమైనవి పెట్టింది ఆయనే. లండన్ వాతావరణం మీద ఆయన రాసిన గ్రంథం మొదటి సంపుటం 1818లో వచ్చింది. ఊరి బయటకంటే నగరం నడిబొడ్డున వెచ్చగా ఉంటోందనీ, ఆ తేడా రాత్రిపూట మరింత స్పష్టమనీ కొలిచి చూపించాడు. ఇప్పుడు దాన్ని పట్టణ ఉష్ణద్వీపం అంటున్నారు. చల్లటి పొలాల సముద్రం మధ్య నగరం ఒక వేడి దీవి అన్నమాట.

ఈ దీవి ఎలా పుడుతుందో మా ఇంటి లెక్కతోనే చెబుతాను. మే నెల మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. అంటే ఒక ఇస్త్రీ పెట్టె. మా ఓనరుగారి స్థలం 120 గజాలు, అంటే 100 చదరపు మీటర్లు. కాబట్టి మా ఇంటి నెత్తిన మధ్యాహ్నం 100 ఇస్త్రీ పెట్టెలు ఆన్ చేసి పెట్టినట్టు. పాతబడి మసిబారిన సిమెంటు డాబా ఆ వేడిలో దాదాపు నాలుగింట మూడొంతులు మింగేస్తుంది, అంటే 75 పెట్టెలు. మింగింది ఊరికే పోదు. స్లాబులో మెల్లమెల్లగా కిందికి దిగి, మనం పడుకునే వేళకు గదిలోకి చేరుతుంది. ఇది ఒక ఇంటి సంగతి. మధ్యలో తారు రోడ్లు, ఫ్లైఓవర్లు, కాంక్రీటు ప్రాంగణాలు కలిపితే నగరమంతా ఒక పెద్ద పెనం.

రెండో కారణం నీరు. ఇంటర్మీడియెట్‌లో గుప్తోష్ణం అనే పాఠం అందరం చదివాం. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి అన్న ప్రశ్నకు రెండు మార్కుల జవాబు రాసి మరిచిపోయాం. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని నీరు చుట్టుపక్కలనుంచే లాక్కుంటుంది. కరెంటు మీటరు భాషలో అది యూనిట్‌లో మూడింట రెండొంతులు. చెట్టు చేసే పని ఇదే. వేళ్లతో నీరు తాగి, ఆకులతో ఆవిరిగా వదులుతుంది. ఒక పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకుంటే, దాదాపు 66 యూనిట్ల వేడిని మింగినట్టు. బిల్లు రాదు. పొలంలో, చెరువులో, తడి మట్టిలో జరిగేదీ ఇదే. నగరంలో మట్టిని సిమెంటుతో కప్పాం. వాన నీరు నేలలోకి దిగదు, ఎండకు ఆవిరయ్యే తడి మిగలదు. ఇక ఎండకు స్లాబును కాల్చడం తప్ప వేరే పని లేదు.

రాత్రిపూట చెట్టు నీరు పెద్దగా వదలదు గదా, మరి మీ నాయిన మంచం దగ్గర ఎందుకు చల్లగా ఉంది అని మా లెక్చరరుగారు అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు ఏమిటంటే, ఆ చెట్టు పగలంతా నేల మీద ఎండ పడనివ్వలేదు. తీసుకోని అప్పు తిరిగి కట్టనక్కర్లేదు. పక్కనున్న మైదానమేమో పగలు కాలినా, రాత్రి తన వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేసి చల్లబడింది. వేసవి రాత్రుల్లో మనవాళ్లు వాకిట్లో నులక మంచాలు వేసుకునేది ఇందుకే. మా గల్లీలో అలా కుదరదు. ఎదురెదురు మేడల మధ్య ఆకాశం ఒక పట్టీలా కనిపిస్తుంది. ఈ గోడ వదిలిన వేడి ఆ గోడకు, ఆ గోడ వదిలింది ఈ గోడకు. ఇద్దరు పేదవాళ్లు ఒకరి దగ్గరొకరు చేబదులు తీసుకున్నట్టు.

మూడోది మనం స్వయంగా ఉత్పత్తి చేసే వేడి. మోటారు బండ్లు, జనరేటర్లు, అన్నిటికంటె ముఖ్యంగా ఏసీలు. ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. చెయ్యదు. గదిలో వేడిని తీసి బయట పోస్తుంది, అంతే. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడి తోడుతుంది. తోడటానికి వాడిన కరెంటు మరో ఒకటిన్నర కిలోవాట్లు. మొత్తం ఆరున్నర కిలోవాట్లూ బయటి గల్లీలోకి. మన ఇల్లు ఊడ్చి చెత్త పక్కింటి వాకిట్లో పోసినట్టు. మా ఎదురింటివాళ్ల ఏసీ పెట్టె సరిగ్గా మా కిటికీకి ఎదురుగా ఉంది. వాళ్లను తప్పుపట్టను. వాళ్లింట్లో పసిపిల్ల ఉంది. నాకూ స్తోమత ఉంటే ఆ రాత్రి నాయిన కోసం ఏసీ పెట్టించేవాణ్ని. కానీ నగరమంతా ఇదే పని చేస్తే, ఏసీ లేనివాడు తన ఎండతోపాటు ఉన్నవాళ్ల ఎండనూ మొయ్యాలి. నడివేసవిలో ఏసీ ప్రాణాలు కాపాడుతుంది, నిజం. కానీ మొట్టమొదటి మందుగా మనం దాన్నే పట్టుకున్నాం. అది చివరి మందు కావాలి.

దీనికి తోడు భూగోళమే వేడెక్కుతోంది. కొలతలు మొదలైన నాటినుంచి 2024 వరకు చూస్తే, 2024 అన్నిటికంటె వేడి సంవత్సరం. బొగ్గు, పెట్రోలు తగలబెట్టి గాలిలో నింపిన బొగ్గుపులుసు వాయువు దానికి ప్రధాన కారణం. అది ప్రపంచమంతా కలిసి తగ్గించుకోవాల్సిన సంగతి. కానీ దాని మీద నగరం కలిపే కొన్ని డిగ్రీలు మాత్రం ఊరి చేతిలో ఉన్నవి. ప్రాణం పోవడానికీ నిలవడానికీ మధ్య ఆ కొన్ని డిగ్రీలే తేడా కావచ్చు.

ఇది అతిశయోక్తి కాదు. 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశంలో వడగాడ్పులకు దాదాపు 15,000 మంది చనిపోయారు. ధనిక దేశం, వైద్యానికి కొదవ లేదు. పారిస్ మృతుల మీద ఆరా తీస్తే, పై అంతస్తులో, కప్పు కిందనే ఉన్న గదుల్లో కాపురముండే ముసలివాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. చదువుతుంటే నాకు మా పెంట్‌హౌస్ గుర్తొచ్చింది. 2010 మే నెలలో అహమ్మదాబాదులో ఎండ 46.8 డిగ్రీలకు చేరినప్పుడు, మామూలు మే నెలలకంటె 1,344 మరణాలు ఎక్కువగా జరిగాయని తర్వాత లెక్క తేల్చారు. ఆ దెబ్బతోనే ఆ నగరం 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకుంది. దక్షిణాసియాలో అదే మొదటిది. ముందురోజే హెచ్చరిక ఇవ్వడం, ఆసుపత్రులను సిద్ధం చెయ్యడం, చలివేంద్రాలు పెట్టడం, పేదల రేకుల ఇళ్లకు తెల్లరంగు వెయ్యడం ఇందులోవే. ఇక 2015 వేసవి మనకు తెలిసిందే. దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారు. కూలీలు, రైతులు, తోపుడుబండ్ల వాళ్లు, ముసలివాళ్లు. మా నాయినలాంటి వాళ్లు.

హైదరాబాదు నిజానికి ఇలా ఉండాల్సిన ఊరు కాదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. పగలు ఎంత కాలినా రాత్రి చల్లబడే నేల. 1560లలోనే హుస్సేన్ సాగర్ తవ్వించారు. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వాటి మధ్య చిన్న చిన్న చెరువులు, కుంటలు లెక్కలేనన్ని. ఇప్పుడు మాసబ్ ట్యాంక్ స్టాపులో బస్సు దిగి ట్యాంకు ఎక్కడని అడగండి. ఎవరూ చూపించలేరు. పేరు మిగిలింది, నీరు పోయింది. బస్సుల బోర్డుల మీద కుంటలూ చెరువులూ చదువుకుంటూ సిమెంటు మధ్య ప్రయాణం చేస్తున్నాం.

మరి ఏం చెయ్యాలి? కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. కప్పులు తెల్లబరచడం. మిగిలిన చెరువుల్ని, కుంటల్ని బతకనివ్వడం. రోడ్ల పక్కన పూలకుండీలు కాక నీడనిచ్చే వేప, కానుగ, రావి నాటడం, వాటి మొదట్లో సిమెంటు పొయ్యకపోవడం. గాలి ఆడేలా, ఎండ నేరుగా గోడకు తగలకుండా ఇళ్లు కట్టుకోవడం. ఎండ ముదిరిన రోజుల్లో బడి, ఫంక్షన్ హాలు, లైబ్రరీ లాంటివి రాత్రిపూట కూడా తెరిచి, మాలాంటి వాళ్లకు ఒక చల్లటి చోటు చూపించడం. వీటిలో చెట్టుకు పదేళ్లు పడుతుంది, చెరువుకు ప్రభుత్వం కావాలి. కప్పుకు మాత్రం ఒక ఆదివారం చాలు.

ఆ మాట నేను ఊరికే అనడం లేదు. 2017లో మన హైదరాబాదులోనే, బంజారాహిల్స్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. ఇంటి లోపల సగటున సుమారు 2 డిగ్రీలు తగ్గింది. తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా అమలయ్యే చల్లటి పైకప్పుల విధానం ప్రకటించింది. రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలం ఉంటేనే తప్పనిసరి, అంతకు తక్కువైతే ఓనరు ఇష్టం. మంచి విధానమే. కాకపోతే 600 గజాల ఇంట్లో ఉన్నవాళ్లకు ఏసీ ఎలాగూ ఉంటుంది. 120 గజాల ఇంటి మీద అద్దెకున్నవాడికి ఓనరు ఇష్టమే దిక్కు.

మా ఓనరుగారి ఇష్టం ఎలా ఉందో వినండి. డాబాకు సున్నం వేస్తామని అడిగితే, "నా ఇంటి మీద మీ సైన్సు ప్రయోగాలా?" అన్నారు. నాలుగు రోజులు తిరిగాక, ఖర్చు మాది, తర్వాత స్లాబు కారితే బాధ్యత కూడా మాదే అనే షరతు మీద ఒప్పుకున్నారు. ముగ్గురం చందాలు వేసుకుని సున్నం బస్తాలు తెచ్చాం. ఊరికి ఫోను చేస్తే, ఇంకా నీరసంగా ఉన్న గొంతుతోనే నాయిన పాఠం చెప్పాడు. "రాత్రంత నానబెట్టు. సున్నం ఉడుకుతది, కండ్లు పైలం. గుడ్డల వడగట్టు. తుమ్మబంక కలుపు, లేకుంటె చేతికంటుకుంటది. ఒక పూత ఆరినంక ఇంకో పూత." తుమ్మబంక ఎక్కడ దొరుకుతుందో తెలియక ఫెవికాల్ కలిపాం. డాబా చీపురుతో కడిగి, సాయంత్రం ఒక పూత, మర్నాడు పొద్దున్నే ఇంకో పూత. మా గది కప్పు, చుట్టూ ఉన్న డాబా అంతా. మధ్యాహ్నం చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. ఆ జిగేల్‌మనడమే మాకు కావాల్సింది. కొత్త తెల్లటి పూత ఎండలో చాలా భాగాన్ని వచ్చినదారినే తిప్పి పంపుతుంది. నా లెక్కలో 75 ఇస్త్రీ పెట్టెలు 20, 25కి దిగాయి.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. రాత్రి 11 గంటలకు, బయట అదే 33 ఉన్న రోజున, గదిలో 37కు బదులు 34న్నర. అద్భుతమేం కాదు. దుప్పటి కప్పుకోలేదు. కానీ గోడకు జ్వరం తగ్గింది, నిద్ర పట్టింది. నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. మా డాబా మూడో అంతస్తుకు పైకప్పు గదా. అక్కడ ఉండే ఓనరుగారి తల్లి ఒకరోజు మెట్ల మీద ఆపి, "మీరు పైన ఏం జేసిన్రో గాని నాయనా, రాత్రి జెర కన్నంటుకుంటున్నది" అంది. ఆ ముసలమ్మ ముఖం చూశాక నా థర్మామీటరు లెక్కలకు అర్థం వచ్చినట్టయింది. జూన్‌లో ఓనరుగారు అద్దె 500 పెంచారు. గది ఇప్పుడు చల్లగా ఉంటుందట! విజ్ఞానశాస్త్రం పరిష్కరించలేని సమస్యలు కూడా లోకంలో ఉన్నాయని గ్రహించాను. వానలకూ దుమ్ముకూ ఆ తెలుపు మాసిపోతోంది, మళ్లీ మార్చిలో వెయ్యాలి. ఈసారి చందాలో ఓనరుగారి పేరు కూడా రాద్దామనుకుంటున్నాం.

ఇంతదాకా చదివినవాళ్లు, ఊరి నుంచి వచ్చిన కుర్రాడు పట్నానికి బుద్ధులు చెబుతున్నాడనుకోవచ్చు. ఆ అర్హత నాకు లేదు. ఎందుకో కూడా చెప్పి ముగిస్తాను.

ఆ తెల్లవారి నాయిన మంచం మీద లేచి కూర్చుని, చెయ్యి చాపి వేపపుల్ల ఒకటి విరిచి, నములుతూ చాలాసేపు చెట్టుకేసి చూశాడు. "మన వాకిట్ల యాపచెట్టు ఉంటె గిట్లనే ఉండు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను పొడిచింది. నాలుగేళ్ల కిందట మా పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టినప్పుడు ఆ చెట్టు కొట్టించమన్నది నేనే. ఆకులు రాలి స్లాబు మీద నీళ్లు నిలుస్తాయనీ, వేళ్లు పునాదిలోకి దూరుతాయనీ ఇంటర్ చదువుతున్న పెద్దమనిషిగా నేనే వాదించాను. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వేసవిలో ఆ ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ ఉండలేరు. పక్కింటి పాత పెంకుటింట్లోకి పోయి కూర్చుంటారు. పట్నం రోగం ఊరికి అంటించినవాళ్లలో నేనూ ఒకణ్ని.

మొదటి వానలకు ఊరికెళ్లి అదే జాగాలో వేపమొక్క నాటాను. మేకలు తినకుండా చుట్టూ కంప పెట్టాం. ఇప్పుడది మోకాలెత్తు ఉంది. దాని నీడలో మంచం వాల్చడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా స్లాబు మీద సున్నమే దిక్కు.

మిత్రులారా, యూనియన్ పెద్దలకు నాదొక విన్నపం. మన హాస్టల్ పై అంతస్తులో ఉన్నవాళ్ల బాధ నాకు తెలుసు. ఈ సంచిక అచ్చుకు పోగా నిధుల్లో ఏమైనా మిగిలితే, మార్చి రాకముందే హాస్టల్ డాబాకు రెండు పూతల సున్నం వేయిద్దాం. కూలి ఖర్చు అక్కర్లేదు, కుంచెలు మేం పట్టుకుంటాం. పూర్వవిద్యార్థులు ఎవరైనా సున్నం బస్తాలు ఇప్పిస్తే వారి పేరు గోడ మీద కాక డాబా మీద తెల్లగా వెలుగుతుంది. రెండోది, పాత బిల్డింగు వెనక స్థలం చదును చేసి, సిమెంటు పలకలు పరిచి, కార్ల పార్కింగు చేస్తారనే మాట వినిపిస్తోంది. పార్కింగు అవసరమే, కాదనను. చెట్టు కొట్టబోమని కూడా అంటున్నారు. కానీ చెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తే కొట్టినదానికీ కొట్టనిదానికీ తేడా ఏముంది? చెట్టు చుట్టూ నాలుగు మంచాలు పట్టేంత మట్టి నేల వదిలిపెట్టమని ప్రిన్సిపాలుగారిని అందరం కలిసి అడుగుదాం.

వాచ్‌మన్ కాక మంచం ఇప్పటికీ అక్కడే ఉంది. మళ్లీ మే నెలలో ఏ అర్ధరాత్రో ఎవరి నాయిన వస్తాడో తెలియదు.